కొత్త స్పీకర్లకు ఏ రిసీవర్, ఎంత వైరు: నల్లగొండ, పాలమూరు ఇళ్ల లెక్క

దసరాకో, గృహప్రవేశానికో హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి 5.1 స్పీకర్ల సెట్, అంటే ఐదు స్పీకర్లు, బరువైన బేస్‌కు ఒక సబ్‌వూఫర్, ఇంటికి వస్తుంది. డబ్బాలు విప్పి హాల్లో పెట్టాక తెలుస్తుంది, ఇంట్లో ఉన్న పాత హోమ్ థియేటర్ పెట్టెకు వీటి వైర్లు తగిలించే చోటే లేదని. దాంతో తొందరగా దొరికిన రిసీవర్ (టీవీ, ప్లేయర్ల శబ్దం తీసుకుని అన్ని స్పీకర్లకూ పవరిచ్చే పెట్టె) ఒకటి, షాపులో మీటరు లెక్కన కోసిచ్చిన సన్నటి వైరు చుట్ట ఒకటి తెచ్చి కలిపేస్తారు. నెల తిరక్కముందే, సినిమాలో పెద్ద ఫైటు రాగానే రిసీవర్ టక్కుమని ఆగిపోతుంది. లేదంటే ఒక ట్వీటర్, అంటే పై స్వరాలు పలికే చిన్న స్పీకర్, మూగబోతుంది. స్పీకర్లే నాసిరకం అనుకుంటారు. చాలాసార్లు స్పీకర్లూ మంచివే, రిసీవరూ మంచిదే. రెంటికీ మధ్య వెయ్యాల్సిన లెక్కే ఎవరూ వేసి ఉండరు.

ఆ లెక్కకు నాలుగు అంకెలు కావాలి. రెండు స్పీకర్ వెనకో, దాని స్పెసిఫికేషన్‌లోనో అచ్చువేసి ఉంటాయి: ఓములు, సెన్సిటివిటీ. మూడోది టేపు పట్టి కొలుచుకోవాలి: స్పీకర్ నుంచి సోఫా ఎంత దూరం, స్పీకర్ నుంచి రిసీవర్‌కు వైరు ఎంత పొడవు. నాలుగోది ఏ కంపెనీ డబ్బా మీదా రాయదు. అది మన ఇంటి సాకెట్లో రాత్రి ఎనిమిది గంటలకు ఉండే వోల్టేజీ. మొదటి మూడింటి గురించి ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు, నాలుగోది మన వైపు ఇళ్లలో మొత్తం లెక్కనే మార్చేస్తుంది.

పాత పెట్టెకు కొత్త స్పీకర్లు

ప్లేయర్, ఆంప్లిఫైయర్, ఆరు స్పీకర్లు ఒకే డబ్బాలో అమ్మిన హోమ్ థియేటర్లలో ఆంప్లిఫైయర్‌ను ఆ సెట్టు స్పీకర్ల కోసమే కడతారు. ఆ స్పీకర్లు ఎక్కువగా 3 లేదా 4 ఓములవి. సబ్‌వూఫర్‌కు సొంత ఆంప్లిఫైయర్ ఉండదు, దాని పవర్ కూడా ఆ పెట్టె నుంచే పోతుంది. కాబట్టి సొంత కరెంటు వైరుతో వచ్చే కొత్త సబ్‌వూఫర్‌కు కావల్సిన ఆర్‌సీఏ (ఒకే పిన్ను ఉండే గుండ్రటి ప్లగ్గు) అవుట్‌పుట్ చాలా పెట్టెలకు ఉండనే ఉండదు. కొందరు కంపెనీ ప్లగ్గు కోసేసి కొత్త స్పీకర్లకు కలుపుతారు. మోగుతుంది కానీ 4 ఓముల కోసం కట్టిన ఆంప్లిఫైయర్ 8 ఓముల మీద దాదాపు సగం వాట్లే ఇస్తుంది. పైగా ఆ పెట్టె తన అరచేతంత స్పీకర్లకు సరిపోయేలా కింది స్వరాలను ముందే కోసేసి పంపుతుంది. కొత్త టవర్ స్పీకర్‌లో ఆరంగుళాల వూఫర్ ఉన్నా దానికి చెయ్యడానికి పని మిగలదు.

మెకానిక్ దగ్గర కట్టించుకున్న ఆంప్లిఫైయర్ల సంగతి వేరు. వాటిలో ఎక్కువగా కనిపించే 4440 ఐసీ (ఆంప్లిఫైయర్ చిప్) 13.2 వోల్టుల మీద, 4 ఓములకు, రెండు చానళ్లుగా అయితే చెరో 6 వాట్లు, రెంటినీ ఒకటిగా కలిపే బ్రిడ్జ్ కట్టు కడితే 19 వాట్లు ఇస్తుంది. ముందు ప్యానెల్ మీద 500 వాట్ల స్టిక్కర్ ఉన్నా లోపలి ఐసీ ఇచ్చేది అంతే. చిన్న గదిలో పాటలకు అవి ఇన్నేళ్లుగా బాగానే పనిచేస్తున్నాయి. సినిమాలో గుసగుస నుంచి బాంబు దాకా ఉండే తేడాను మొయ్యడం మాత్రం వాటి వల్ల కాదు. అందుకే కొత్త స్పీకర్లంటే విడిగా ఏవీ రిసీవర్ అవసరమే. డెనాన్, మరాంట్జ్, యమహా, ఓంక్యో, సోనీ, వీటిలో ఏదైనా సరే. ఏ పేరు అనేదానికంటే ఏ అంకెలు అనేదే ముందు చూడాలి.

ఓములు చెప్పేది ఇదీ

ఓము అంటే స్పీకర్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత. రిసీవర్ 20 వోల్టులు పంపిందనుకుందాం. 8 ఓముల స్పీకర్ 2.5 ఆంపియర్లు లాగుతుంది, 50 వాట్లవుతుంది. 4 ఓముల స్పీకర్ అదే 20 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు లాగుతుంది, 100 వాట్లవుతుంది. ఇక్కడ రెట్టింపయ్యేది శబ్దానికి దొరికే పవర్ ఒక్కటే కాదు, రిసీవర్ లోపలి ట్రాన్సిస్టర్లు మొయ్యాల్సిన కరెంటు, వాటి వేడి కూడా. పెద్ద సీన్ల దగ్గర రిసీవర్ ఆగిపోవడానికి అసలు కారణం ఇదే. కరెంటు హద్దు దాటగానే ప్రొటెక్షన్ సర్క్యూట్ రిలేను, అంటే స్పీకర్లను కలిపి ఉంచే లోపలి స్విచ్చిని, విడిచేస్తుంది. వినిపించే ఆ టక్ శబ్దం రిలేదే.

స్పీకర్ వెనక రాసిన అంకె కూడా స్థిరమైనది కాదు. అది స్వరాన్ని బట్టి మారుతుంది. 8 ఓములని రాసిన స్పీకర్ ఒక చోట 30 ఓములుంటే ఇంకో చోట 6.5కు దిగుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రాసిన అంకెలో 80 శాతం కంటే కిందికి దిగకూడదు: 8 రాస్తే 6.4, 6 రాస్తే 4.8, 4 రాస్తే 3.2. ఈ నియమాన్ని అందరూ పాటించరు. పేరుకు 8 రాసి 4 దాకా దిగే స్పీకర్లూ మార్కెట్లో ఉన్నాయి. కొనే ముందు స్పెసిఫికేషన్‌లో కనిష్ఠ ఇంపీడెన్స్ (మినిమమ్ ఇంపీడెన్స్, అంటే అతి తక్కువ ఓములు) అనే వరుస వెతికి చూడాలి. అది 4 కంటే తక్కువైతే అన్నిటికంటే చవక రకం రిసీవర్‌తో సరిపెట్టుకోవడం మంచిది కాదు.

రిసీవర్ వెనక స్పీకర్ టెర్మినళ్ల దగ్గర 4–16 ఓములు అనో, 6–16 ఓములు అనో ఉంటుంది. 6 నుంచి అని ఉన్నదానికి 4 ఓముల స్పీకర్లు తగిలిస్తే మామూలు సౌండులో మోగుతాయి, సౌండు పెంచితే వేడెక్కుతుంది. కొన్ని రిసీవర్ల మెనూలో 4, 6, 8 ఓములని ఎంచుకునే సెట్టింగ్ ఉంటుంది. అది స్పీకర్‌తో కుదిర్చే మంత్రం కాదు. తక్కువ ఓములు పెడితే రిసీవర్ తన వోల్టేజీని తగ్గించుకుని వేడిని అదుపు చేసుకుంటుంది, దాంతో పవర్ కూడా తగ్గుతుంది. 8 ఓముల స్పీకర్లున్న ఇంట్లో దాన్ని 6కో 4కో మార్చి పెట్టుకోవడం వల్ల నష్టమే.

ఇంకో అలవాటు ఉంది. కొత్తవి వచ్చాక పాత స్పీకర్లను పారెయ్యబుద్ధి కాక, వాటిని కూడా అదే టెర్మినల్‌కు కలిపేస్తారు. 8కి 8 పక్కపక్కన కలిపితే 4. 6కి 6 కలిపితే 3. ఆ రిసీవర్‌కు ఎండాకాలం దాటడం కష్టం.

డెసిబెల్స్ తేలిస్తే వాట్ల బేరం తేలుతుంది

షాపులో బేరమంతా వాట్ల మీద నడుస్తుంది. నిజానికి ముందు చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే 2.83 వోల్టులిస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ (శబ్దానికి కొలత) వస్తాయనేది. 8 ఓముల స్పీకర్‌కు 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాట్. 4 ఓములకు అదే రెండు వాట్లు. అందుకే 4 ఓముల స్పీకర్ మీద 90 డెసిబెల్స్ అని ఉంటే, వాట్ లెక్కన అది 87తో సమానం. ఈ ఒక్క తిరకాసు తెలియక రెండు స్పీకర్లను పోల్చి తప్పుదాన్ని ఎంచుకునేవాళ్లు చాలామంది.

మన వైపు 200 గజాల ఇంట్లో హాలు పన్నెండు అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు అనుకుందాం. టీవీ గోడ నుంచి సోఫా పది అడుగులు, అంటే సుమారు 3 మీటర్లు. బయలులో అయితే 3 మీటర్లకు తొమ్మిదిన్నర డెసిబెల్స్ పడిపోతాయి. గదిలో గోడలు కొంత తిరిగి ఇస్తాయి కాబట్టి 7 అని లెక్క వేసుకోవచ్చు. 86 డెసిబెల్స్ బుక్‌షెల్ఫ్ (అరలో పట్టే చిన్న) స్పీకర్ ఒక వాట్‌తో సోఫా దగ్గర 79 ఇస్తుంది. ఇంట్లో గట్టిగానే సినిమా చూస్తే సగటు 75 ఉంటుంది, మధ్యలో వచ్చే పేలుళ్లు దానికి 20 పైన, అంటే 95. 79 నుంచి 95కు 16 డెసిబెల్స్ ఎక్కాలి. ప్రతి 3 డెసిబెల్స్‌కు పవర్ రెట్టింపు, 10కి పది రెట్లు. కాబట్టి 16కు సుమారు 40 వాట్లు. అదే చోట 92 డెసిబెల్స్ స్పీకర్ పెడితే 10 వాట్లు చాలు. థియేటర్ మిక్సింగ్ గదుల్లో పాటించే 105 డెసిబెల్స్ శిఖరం కావాలంటే మాత్రం మొదటి స్పీకర్‌కు 400 వాట్లు కావాలి, అది ఇళ్లలో వాడే మామూలు రిసీవర్లలో దొరకదు. ఆ స్పీకర్ అంత మొయ్యనూ లేదు.

దీన్నుంచి తేలేది ఏమిటంటే, 80 వాట్ల రిసీవర్‌కూ 100 వాట్ల రిసీవర్‌కూ మధ్య తేడా ఒక్క డెసిబెల్. చెవి దాన్ని పట్టుకోవడమే కష్టం. ఆ తేడా కోసం పెట్టే డబ్బును స్పీకర్ మీద పెట్టి 86 నుంచి 89కి వెళ్తే, రిసీవర్ పవర్ రెట్టింపైనట్టే.

వాట్లు చదివేటప్పుడు పక్కన ఉన్న చిన్న అక్షరాలు చదవాలి. "8 ఓములు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 0.08 శాతం డిస్టార్షన్, 2 చానళ్లు" అని ఉంటే అది నమ్మదగ్గ అంకె. డిస్టార్షన్ అంటే శబ్దంలో వచ్చే వికృతి, అది ఎంత తక్కువైతే అంత నయం. "6 ఓములు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, 1 చానల్" అని ఉంటే అదే రిసీవర్‌కు ఆ అంకె దాదాపు రెట్టింపు కనిపించవచ్చు, లోపల మారేది ఏమీ లేదు. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్ పేరుతో వేసే ప్రచారపు అంకె) అనే మాట ఎక్కడ కనిపించినా ఆ అంకెను వదిలెయ్యొచ్చు. ఒక చిన్న పరీక్ష: రిసీవర్ వెనక కరెంటు వాడకం లేబుల్ చూడాలి. అక్కడ 430 వాట్లని ఉండి, డబ్బా మీద ఏడు చానళ్లకు తలా 100 వాట్లని ఉంటే, గోడ నుంచి తీసుకునేదానికంటే ఎక్కువ స్పీకర్లకు ఎలా ఇస్తుంది? ఆ లేబుల్ గరిష్ఠ వాడకం చెప్పదు, నిజమే. అయినా ఏడు చానళ్లూ ఒకేసారి 100 ఇవ్వవని అర్థం చేసుకోవడానికి అది చాలు. సినిమాలో అన్నీ ఒకేసారి అంత అడగవు కాబట్టి దీనికి భయపడక్కర్లేదు.

సాకెట్లో వోల్టేజీ

ఇక్కడ రాసిన వాట్లన్నీ 230 వోల్టులున్నప్పటి మాట. చాలా రిసీవర్లలో స్పీకర్లకు పవరిచ్చే భాగం మామూలు ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తుంది. గోడలో వోల్టేజీ తగ్గితే లోపలి సరఫరా అదే నిష్పత్తిలో తగ్గుతుంది, పవర్ దాని వర్గం లెక్కన తగ్గుతుంది. 230 బదులు 190 ఉంటే 100 వాట్లు 68 అవుతాయి, 80 వాట్లు 55 అవుతాయి. యాసంగి వరికి మోటార్లు నడిచే రోజుల్లో లైను చివరి ఇళ్లలోనూ, మే నెలలో వీధివీధినా ఏసీలు ఆన్ అయ్యే రాత్రిళ్లలోనూ మల్టీమీటర్ పెట్టి చూస్తే 190 కనిపించడం వింతేమీ కాదు.

శబ్దం పరంగా ఆ నష్టం రెండు డెసిబెల్స్ కూడా లేదు. చేటు వేరే చోట ఉంది. సరఫరా తగ్గిన ఆంప్లిఫైయర్ అలల తలలను ముందే కోసేస్తుంది. తల తెగిన అలలో పై స్వరాల పాలు పెరుగుతుంది, సగటు పవర్ కూడా పెరుగుతుంది. రెంటి దెబ్బా ముందు తగిలేది ట్వీటర్‌కే. దాని కాయిల్ వెంట్రుకంత సన్నటి తీగ. చిన్న ఆంప్లిఫైయర్ పెద్ద స్పీకర్‌ను కాల్చదు అనే మాట అందుకే తప్పు. గొంతు బొంగురుపోయినట్టు వినిపించగానే సౌండు తగ్గించాలి. ఆ బొంగురే ట్వీటర్ ఇచ్చే మొదటి హెచ్చరిక, చాలాసార్లు చివరిది కూడా.

కాబట్టి రిసీవర్ కొనే ముందు మూడు రోజులు రాత్రి ఏడు, ఎనిమిది, తొమ్మిది గంటలకు సాకెట్లో వోల్టేజీ చూసి రాసుకోవాలి. 210 కంటే పైనే ఉంటే స్టెబిలైజర్ అవసరం లేదు. తరచుగా 200 దిగువకు పోతుంటే రిసీవర్, టీవీ, సబ్‌వూఫర్ మూడింటికీ కలిపి 1 కేవీఏ స్టెబిలైజర్ ఒకటి పెట్టాలి. మూడూ ఒకే సాకెట్ నుంచి రావడం ముఖ్యం, ఎందుకో కింద సబ్‌వూఫర్ దగ్గర చెప్పుకుందాం. ఇన్వర్టర్ మీద నడపాలనుకుంటే అది సైన్‌వేవ్‌దే కావాలి. చతురస్రపు అలలిచ్చే పాత ఇన్వర్టర్ మీద రిసీవర్ ట్రాన్స్‌ఫార్మర్ తుమ్మెదలా రొద చేస్తుంది, వేడెక్కుతుంది.

వైరు: మందం, పొడవు, లోహం

స్పీకర్ వైరు గురించి ప్రచారంలో ఉన్న మాటల్లో చాలావాటికి పునాది లేదు. వైరు చెయ్యాల్సింది ఒక్కటే: దారిలో తక్కువ పోగొట్టడం. దానికి ఒక హద్దు పెట్టుకుంటే చాలు. రానూపోనూ వైరు మొత్తం రెసిస్టెన్స్ స్పీకర్ ఓముల్లో 5 శాతం దాటకూడదు. 8 ఓములకు 0.4, 6 ఓములకు 0.3, 4 ఓములకు 0.2.

మన ఎలక్ట్రికల్ షాపుల్లో వైరును చదరపు మిల్లీమీటర్లలో అమ్ముతారు: ఒకటి, ఒకటిన్నర, రెండున్నర, నాలుగు. రాగి పోగుల వైరు మీటరుకు ఒకటిన్నరది 0.0133 ఓము, రెండున్నరది 0.008 ఓము. పది మీటర్ల దూరానికి రానూపోనూ ఇరవై మీటర్లు, అంటే ఒకటిన్నర వైరుకు 0.27 ఓము. 8 ఓముల స్పీకర్‌కు ఇది హాయిగా సరిపోతుంది, శబ్దంలో నష్టం 0.3 డెసిబెల్ మాత్రమే. 4 ఓముల స్పీకర్‌కు సరిపోదు. లెక్క వేస్తే, 8 ఓములకు ఒకటిన్నర వైరు 15 మీటర్ల దాకా, రెండున్నర వైరు 25 మీటర్ల దాకా వెళ్లొచ్చు. 6 ఓములకు 11, 18 మీటర్లు. 4 ఓములకు ఏడున్నర, పన్నెండున్నర మీటర్లు. స్పీకర్ డబ్బాలో ఉచితంగా వచ్చే సన్నటి వైరు ఎక్కువగా అర చదరపు మిల్లీమీటరుకు మించదు. అది 8 ఓములకు 5 మీటర్లు, 4 ఓములకు రెండున్నర మీటర్లే. ముందు స్పీకర్లకు అది చాలొచ్చు, వెనకవాటికి చాలదు.

ఇందాకటి హాలుకు పొడవు కొలిస్తే, ముందు రెండింటికి చెరో 4 మీటర్లు, సెంటర్‌కు 2, వెనక రెండింటికి గోడ వెంట స్కర్టింగ్ మీదుగా చెరో 13. మొత్తం 36. మూలల్లో వంపులకు, రేపు స్పీకర్ జరపడానికి పది శాతం కలిపి 40 మీటర్ల జంట వైరు తీసుకుంటే సరిపోతుంది. కుడి ఎడమలకు సమానమైన పొడవు ఉండాలనే పట్టింపు అక్కర్లేదు. ఒక మీటరు తేడాకు వచ్చేది 0.027 ఓము. సమానం చెయ్యడం కోసం మిగిలిన వైరును టీవీ స్టాండ్ వెనక చుట్టలు చుట్టి కుక్కితే దుమ్ముకూ, ఎలుకలకూ గూడవుతుంది, అంతే.

స్పీకర్ వైరని ప్రత్యేకంగా అమ్మేదే కొనాలని లేదు. పోగులున్న మెత్తటి రాగి హౌస్ వైరు, ఎర్రది ఒకటి నల్లది ఒకటి, కలిపి మెలేసుకుంటే అంతే పని చేస్తుంది. చూడాల్సింది లోహం. చవగ్గా దొరికే పారదర్శక వైర్లలో చాలావరకు అల్యూమినియం తీగకు రాగి పూత వేసినవే. వాటి రెసిస్టెన్స్ అదే మందం రాగి కంటే ఒకటిన్నర రెట్లు ఉంటుంది, కాబట్టి పైన చెప్పిన మీటర్లన్నీ మూడింట రెండు వంతులకు తగ్గించుకోవాలి. దానికంటే పెద్ద ఇబ్బంది టెర్మినల్ దగ్గర వస్తుంది. రెండుసార్లు వంచితే పోగులు విరిగిపోతాయి, ఏడాది తిరిగేసరికి కొసలు తెల్లగా బూజు పట్టినట్టవుతాయి. పరీక్ష సులువు. పూత వేసినదైతే ఒక పోగును బ్లేడుతో గీకగానే లోపల వెండి రంగు కనిపిస్తుంది. లైటర్ మంటలో పెడితే రాగి ఎర్రగా కాలి నిలుస్తుంది, ఇది ముడుచుకుని రాలిపోతుంది. చుట్టను చేతిలో తూచినా చాలు, రాగి బరువు దాచలేరు.

ఇల్లు కడుతున్నవాళ్లు ప్లాస్టరింగ్‌కు ముందే గాడి కొట్టించి పైపు వేయించుకోవాలి. స్పీకర్ వైర్లకు ముప్పావు అంగుళం పైపు చాలు. టీవీకీ రిసీవర్‌కూ మధ్య హెచ్‌డీఎంఐ ప్లగ్గు దూరాలి కాబట్టి అక్కడ అంగుళంపావు కంటే తగ్గకూడదు, మూలల్లో ఎల్బో కాకుండా పొడవాటి వంపు పెట్టించాలి. కరెంటు వైర్లున్న పైపులో స్పీకర్ వైర్లు దూర్చడం ప్రమాదం, నిషిద్ధం కూడా. రెండు పైపులూ పక్కపక్కన పోవాల్సి వస్తే అడుగు దూరం, ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి. ఖాళీ పైపులో ఒక నైలాన్ తాడు వదిలేస్తే పదేళ్ల తర్వాత వచ్చే వైరుకు కూడా దారి ఉంటుంది. గోడ లోపల అతుకు ఉండకూడదు. మెలేసి టేపు చుట్టిన అతుకు మన ఎండలకు జిగురు కరిగి వదులవుతుంది, లోపల రాగి పచ్చబడుతుంది. తర్వాత స్పీకర్ ఒకరోజు మోగి ఒకరోజు మోగకపోతే ఆ అతుకును వెతకడానికి గోడ పగలగొట్టాలి.

కొసలు కలిపే పద్ధతి మీద కాస్త నిలబడాలి, ఎందుకంటే రిసీవర్లు చచ్చేది ఎక్కువగా ఇక్కడే. 12 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం తొక్క తీసి, పోగులన్నీ ఒకే వైపు గట్టిగా మెలెయ్యాలి. టెర్మినల్ రంధ్రంలోకి పూర్తిగా దూర్చి బిగించాక ఒక్క పోగు కూడా బయట కనిపించకూడదు. తప్పించుకున్న ఒక్క పోగు పక్క టెర్మినల్‌ను తాకితే షార్ట్. వైరు కొసకు బిగించే బనానా ప్లగ్గులు వాడితే ఈ భయం చాలావరకు పోతుంది. ఎర్రకు ఎర్ర, నల్లకు నల్ల. ఒక స్పీకర్‌కు తిరగబడితే ఏమీ కాలదు గానీ బేస్ మాయమవుతుంది, మాట ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. వైరు మీద రంగు గుర్తు లేకపోతే ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకుని రిసీవర్ వైపు కొసలకు క్షణంసేపు తాకించాలి. వూఫర్ కాగితం ముందుకొస్తే సెల్ ప్లస్ తగిలినదే ఎర్ర కొస.

రిసీవర్‌కు కలపకముందే మల్టీమీటర్‌ను ఓముల మీద పెట్టి ప్రతి జంట కొసలనూ కొలవాలి. 8 ఓముల స్పీకర్‌కు 5.5 నుంచి 7 మధ్య చూపిస్తుంది, 6 ఓములకు 4 నుంచి 5, 4 ఓములకు 3 నుంచి 3.5. అర కంటే తక్కువ చూపిస్తే ఎక్కడో షార్ట్ ఉంది. ఏమీ చూపించకపోతే తెగింది. ఐదు నిమిషాల ఈ పని రిసీవర్‌ను కాపాడుతుంది. అది పాడైతే నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా సర్వీసుకు హైదరాబాద్ దాకా నూరు కిలోమీటర్లు మొయ్యాల్సి రావచ్చు.

హెచ్‌డీఎంఐ

టీవీలో యాప్‌ల శబ్దం రిసీవర్‌కు రావాలంటే టీవీ వెనక ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని తిరిగి రిసీవర్‌కు పంపే దారి) లేదా ఈఏఆర్‌సీ (అదే దారి, ఎక్కువ మోయగలిగిన కొత్త రూపం) అని రాసిన పోర్టులోనే కేబుల్ పెట్టాలి. అలాంటిది టీవీకి ఒక్కటే ఉంటుంది. తర్వాత సీఈసీ, అంటే టీవీ, రిసీవర్ ఒకదాన్నొకటి నడిపించుకునే సెట్టింగ్, ఆన్ చెయ్యాలి. శాంసంగ్‌లో దాని పేరు ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రేవియా సింక్. ఆ తర్వాత టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎం నుంచి ఆటోకో పాస్‌త్రూకో మార్చాలి. ఇది మర్చిపోతే చాలా టీవీలు రెండు చానళ్లే పంపుతాయి, వెనక స్పీకర్లకు అసలు సంగతి అందదు.

యాప్‌లలో వచ్చే డాల్బీ అట్మాస్ (పై నుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) మామూలు ఏఆర్‌సీ మీదనే వస్తుంది. బ్లూరే డిస్కులోని పూర్తి నాణ్యత ఉన్న డాల్బీ ట్రూహెచ్‌డీకి మాత్రం ఈఏఆర్‌సీ కావాలి, లేదా ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కు కలపాలి. ఆప్టికల్ కేబుల్‌తో 5.1 దాకానే, అట్మాస్ రాదు.

కేబుల్ సెకనుకు 18 గిగాబిట్ల ప్రీమియం హై స్పీడ్ సర్టిఫికెట్ ఉన్నదైతే 4కె 60 హెర్ట్జ్‌కు చాలు. గేమ్ కన్సోల్‌తో 4కె 120 కావాలంటే 48 గిగాబిట్ల అల్ట్రా హై స్పీడ్. 5 మీటర్లు దాటితే రాగి కేబుల్‌ను నమ్మలేం, ఫైబర్ ఉన్న యాక్టివ్ కేబుల్ తీసుకోవాలి. దానికి టీవీ కొస, సోర్స్ (రిసీవర్ లేదా ప్లేయర్) కొస వేరువేరు, గోడలోకి తిరగేసి తోస్తే మళ్లీ లాగాల్సిందే. కొనేటప్పుడు ఈఏఆర్‌సీ పనిచేస్తుందా అని విడిగా అడగాలి. తెరమీద తెల్ల చుక్కలు మెరవడం, రెండు సెకన్లు నల్లబడి మళ్లీ బొమ్మ రావడం కేబుల్ చాలడం లేదనడానికి గుర్తు. సెకండ్ హ్యాండ్ రిసీవర్ చూసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: 2020లో వచ్చిన కొన్ని మోడళ్లలో 4కె 120 సిగ్నల్ సరిగా దాటని చిప్ లోపం ఉంది.

సబ్‌వూఫర్, గుయ్‌మనే హమ్

సబ్‌వూఫర్‌కు ఖరీదైన కేబుల్ అవసరమే లేదు. డిష్ టీవీకి వాడే ఆర్‌జీ6 కేబుల్‌కు రెండు వైపులా ఆర్‌సీఏ ప్లగ్గులు సోల్డర్ చేయిస్తే అదే మంచి సబ్ కేబుల్. సబ్ వెనక క్రాసోవర్ (ఏ స్వరం దాకా సబ్ పలకాలో తేల్చే) నాబ్‌ను పెద్ద అంకె వైపు చివరికంటా తిప్పాలి, లేదా ఎల్‌ఎఫ్‌ఈ అని రాసిన చోట పెట్టాలి, ఎందుకంటే ఆ పని రిసీవర్ చేస్తుంది.

కలపగానే గుయ్‌మని హమ్ వస్తే కారణం ఎక్కువగా రెండు చోట్ల నుంచి రెండు ఎర్తులు రావడం. సబ్ ఒక గోడ సాకెట్లో, రిసీవర్ ఇంకో గోడ సాకెట్లో ఉంటే ఈ ఇబ్బంది. అందుకే అన్నీ ఒకే సాకెట్ నుంచి ఇవ్వాలన్నది. అయినా పోకపోతే సెట్‌టాప్ బాక్స్ వెనక డిష్ కేబుల్‌ను ఒక్క నిమిషం విప్పి చూడాలి. హమ్ ఆగితే దారి అదే. ఎర్త్ పిన్ను విరిచేస్తే కూడా హమ్ ఆగుతుంది, కానీ అది ప్రాణాల మీదికి తెచ్చే పని, చెయ్యకూడదు. సాకెట్లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్ రెండు మూడు వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తుంటే ఎర్తింగ్ చూపించుకోవాలి. మన రాతి నేలల్లో ఎర్త్ గుంత ఎండాకాలం పూర్తిగా ఎండిపోతుంది. వారానికో బకెట్ నీళ్లు పోసే ఇళ్లలో ఈ తేడా కనిపిస్తుంది.

మొదటి రోజు సెట్టింగులు

రిసీవర్‌తో వచ్చే మైక్‌ను సోఫా మీద పడుకోబెట్టకుండా స్టాండ్ మీద, కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో నిలబెట్టాలి. సీలింగ్ ఫ్యాన్, కూలర్ ఆపాలి. సబ్ వాల్యూమ్ సగం మీద పెట్టి, రిసీవర్ ఆ మైక్‌తో స్పీకర్లను తనే కొలుచుకునే పరీక్షను మెనూలోంచి నడపాలి. అయ్యాక రిసీవర్‌లో సబ్ లెవెల్ చివరి మైనస్ అంకె దగ్గర ఆగి ఉంటే సబ్ నాబ్ కొంచెం తగ్గించి మళ్లీ నడపాలి. బుక్‌షెల్ఫ్ స్పీకర్లను రిసీవర్ లార్జ్ అని గుర్తించినా స్మాల్‌కు మార్చి 80 హెర్ట్జ్ క్రాసోవర్ పెట్టాలి. దీంతో బరువైన బేస్ అంతా సొంత ఆంప్లిఫైయర్ ఉన్న సబ్‌కు పోయి రిసీవర్ మీద భారం దిగుతుంది. వోల్టేజీ తక్కువున్న ఇంటికి దీనికి మించిన ఉచిత సాయం లేదు.

తాండూరు బండలో, గ్రానైటో పరిచి, నాలుగు వైపులా ఉత్త గోడలున్న హాల్లో చప్పట్లు కొడితే టప్‌మని తిరిగొస్తుంది. డైలాగులు అర్థం కాకపోవడానికి సెంటర్ స్పీకర్‌ను తిట్టే ముందు సోఫాకూ టీవీకీ మధ్య మందపాటి జంపఖానా పరిచి, కిటికీకి బరువైన కర్టెన్ వేసి చూడాలి. ఏ కేబుల్ మార్పూ ఇవ్వనంత తేడా అక్కడ దొరుకుతుంది.

రిసీవర్‌ను టీవీ యూనిట్ అరలో బిగించి తలుపు వేస్తే మే నెలలో, బయట 43 డిగ్రీలున్నప్పుడు, లోపల వేడికి అది తనంతట తానే ఆగిపోతుంది. పైన నాలుగు నుంచి ఆరు అంగుళాల ఖాళీ, వెనక పలక తీసెయ్యడం కనీస అవసరం. వెచ్చదనానికి బల్లులు చేరతాయి. పై జాలీలోంచి లోపలికి దూరిన బల్లి పవర్ బోర్డు మీద రెండు పిన్నులను కలిపితే బోర్డు పోతుంది, కాబట్టి గాలి ఆడేలా సన్నటి దోమతెర ముక్కను యూనిట్ తెరిచిన వైపు కట్టుకోవచ్చు, రిసీవర్ మీద మాత్రం కప్పకూడదు. తొలకరికి ముందు ఉరుములు మొదలైన సాయంత్రం ప్లగ్గు ఒక్కటే పీకితే చాలదు. డిష్ కేబుల్, ఇంటర్నెట్ కేబుల్ కూడా విప్పాలి, ఎందుకంటే పిడుగుపాటు వోల్టేజీ ఎక్కువగా వాటి గుండా వచ్చి హెచ్‌డీఎంఐ పోర్టును కాలుస్తుంది.